సున్నపుబట్టీ మలుపులో నిలవని సైకిలు

చీకటికి వెరచిన శిశువును ఒడికి చేర్చుకొనే జగజ్జననికి, అభయహస్తాన్ని ఎన్నడూ దించని స్వామికి మొదట నమస్కరిస్తున్నాను. ఇక చెప్పబోయేది సోగత్తూరు తాపీమేస్త్రి సిద్ధరాజ్ కథ. ఆయన తల దించుకొని చెప్పినాడు. నేనూ తల దించుకొనే విన్నాను.

తమిళసీమలో ధర్మపురి పక్కన, నల్లంపల్లి నుండి సోగత్తూరుకు పెద్దరోడ్డు కాక ఒక అడ్డదారి ఉంది. దాని నడుమ పాడుపడిన సున్నపుబట్టీ, బట్టీని చుట్టుకొని ఒక మలుపు.

ఆ మలుపుకు మంచి పేరు లేదు.

ఏనాడో బట్టీ నిప్పులలో పడి ప్రాణం విడిచిన కూలిస్త్రీ ఒకతె రాత్రివేళ దారిన పోయేవారిని పిలుస్తుందని జనవాక్యం. అంతవరకే అయితే వింత లేదు... ఎవరిని పిలిస్తే వారి ఇంటిభాషలో పిలుస్తుందట! తమిళులను తమిళంలో, కన్నడిగులను కన్నడంలో — మనవారిని తెలుగులో.

వీధిలో, అంగడిలో, పనిచోట తమిళమే పలికి, గడప దాటి లోపలికి వచ్చినాకనే తెలుగు పలికే కుటుంబాలు మనవి. ఊరి వెలుపల, చీకటిలో, మన గడపలోపలి మాట ఎరిగినది మనిషి ఎట్లా అవుతుంది? అందుకే ఆ మలుపంటే మనవారికి రెండింతల భయం.

ఎనభై నాలుగవ సంవత్సరంలో సిద్ధరాజ్ ఒక సైకిలు కొన్నాడు. కొన్నాడనడం కంటే, కుప్పన్ సైకిలుకొట్టు వెనుక తుప్పుకుప్పలో నుండి లాగి తెచ్చినాడనడమే సత్యం. సీటు ఉండవలసిన చోట గోనెపట్టా చుట్టి ఉంది. వెనుక చక్రంలో సగం పుల్లలు లేవు.

రెండు నెలల ఆదివారాలు ఆయన దాని ముందే కూర్చున్నాడు. చక్రానికి లావుపాటి పుల్లలు బిగించినాడు. సిమెంటు మూట ఒదిగేటంత వెడల్పున ఇనుపకడ్డీలతో క్యారియర్ అతికించినాడు. దానికి ఇరుప్రక్కలా నీళ్ళబిందెలకు కొక్కేలు. ముందు తాపీ, తూకపుగుండు పెట్టుకొనేందుకు రేకుపెట్టె. నిచ్చెన కట్టుకొనేందుకు పక్కన రెండు ఇనుపకొమ్ములు. వెనుక మనిషి కూర్చుంటే కాళ్ళు ఆనించుకొనే మెట్లు, పట్టుకొనే పిడి కూడా అమర్చినాడు. చిట్టచివరకు డైనమో దీపం.

ఆయన భార్య కమలవేణి నవ్వి నవ్వి అలసిపోయింది.

"ఒక పొయ్యి కూడా బిగించయ్యా! నేను దానిమీదే కూర్చొని సంగటి కెలికేస్తాను."

"నవ్వు, నవ్వు. మూట పెట్టు, బిందె పెట్టు, నిండు చూలాలిని కూర్చోబెట్టు — ఇది మోస్తుంది. మోయలేనిది ఏముందో నువ్వే చెప్పు!"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని లోపలికి పోయింది.

ఆడి అమావాస్య, అంటే మన ఆషాఢపు అమావాస్య, వచ్చింది. ఆనాడు నల్లంపల్లిలో ఒక ఇంటికి కప్పు పోసి ముగించేసరికి రాత్రి తొమ్మిదయింది. పెద్దరోడ్డున లారీ బోల్తాపడి దారి మూసుకుపోయింది. ఖాళీ బిందెలు రెండూ కొక్కేలకు తగిలించుకొని సిద్ధరాజ్ అడ్డదారి పట్టినాడు.

బట్టీ దగ్గర ఎత్తు. ఎత్తున సైకిలు నెమ్మదించింది... చక్రం నెమ్మదిస్తే డైనమో దీపం కూడా సన్నగిల్లుతుందని ఆయనకు తెలియనిది కాదు. కానీ ఆ క్షణాన ఆ వెలుగును ఎవరో మింగుతున్నట్లే తోచింది.

భయం పోగొట్టుకొనేందుకు సైకిలుతో మాట్లాడసాగినాడు. "లాగు తల్లీ... ఈ మలుపొక్కటి దాటించు. రేపు నీకు నూనె పోస్తాను..."

"అన్నా..."

ఆయన హ్యాండిలును గట్టిగా పట్టుకొన్నాడు.

"అన్నా... మనవాళ్ళా? నిలుపన్నా... కొంచెం నిలుపన్నా..."

తెలుగు. స్పష్టమైన, గడపలోపలి తెలుగు.

మలుపులో, ఆరబోయే దీపకాంతిలో, ఒక ఆకారం నిలిచి ఉంది. జుట్టు విరబోసుకొని ఉంది. ఆ మెడ పక్కన — ఇంకొక తల! ఆ రెండవ తల వాలి, ఊగుతూ ఉంది...

తొక్కే బరువు తగ్గాలని సిద్ధరాజ్ కాలితో తన్ని డైనమోను చక్రం నుండి తప్పించినాడు. చీకటి. పెడలు మీద లేచి నిలబడి తొక్కినాడు. అంతలో క్యారియర్ బరువెక్కింది. వెనుక నుండి ఏదో పట్టుకొని లాగుతున్నది! ఆయన కళ్ళు మూసుకొని, పళ్ళు కరచుకొని, ఉన్న బలమంతా పెట్టి తొక్కినాడు. బరువు వదిలింది. ఏదో నేలమీద పడిన చప్పుడు...

"అన్నా..." అని ఇంకొకసారి వినిపించింది. తరువాత వినిపించలేదు.

మూడు దినాలు జ్వరం. కమలవేణి విభూతి పెట్టించింది, తాయెత్తు కట్టించింది. నాల్గవనాడు లేచి టీకొట్టు దగ్గర కథ చెప్పినాడు. ఆ తరువాత అడిగినవారికీ అడగనివారికీ చెప్పినాడు. చెప్పిన ప్రతిసారీ ఆ రెండు తలలకూ కోరలు ఒక అంగుళం పెరిగినవి. పిలిచిన దెయ్యాన్ని ఈడ్చి పారేసి వచ్చిన వీరుడని నలుగురూ అన్నారు. ఆయన కాదనలేదు.

నెల తిరిగింది. నల్లంపల్లిలోనే మరొక ఇంటి పని. ఇటుకలు మోసేందుకు కొత్తగా ఒక స్త్రీ వచ్చింది, పేరు మునివెంకటమ్మ. ఐదేళ్ళ కూతురిని నీడలో గోనెమీద కూర్చోబెట్టింది. మధ్యాహ్నం కూడు తినేవేళ ఆమె బిడ్డతో తెలుగు మాట్లాడడం విని సిద్ధరాజ్ సంతోషంతో దగ్గరకు పోయి కూర్చున్నాడు.

"మనవాళ్ళేనామ్మా! పాపకు ఆ కుడిచెయ్యి ఏమి, అట్లా పెట్టుకొని ఉంది?"

"లేవదన్నా. అప్పుడు మేము బట్టీ పక్క గుడిసెలో ఉంటిమి. వచ్చి వారమే అయ్యుండె. బిడ్డ నాయన తొప్పూరు దిక్కు పనికి పోయినాడు. అమావాస్య రాత్రి బిడ్డకు జ్వరమెక్కి ఫిట్స్ వచ్చె. భుజాన వేసుకొని ధర్మపురి పెద్దాసుపత్రికి నడిచినాను. చేరేటప్పటికి తెల్లారింది. ప్రాణం దక్కింది. 'ముందే తెచ్చి ఉంటే చెయ్యి కూడా దక్కేది' అని డాక్టరమ్మ తిట్టె."

సిద్ధరాజ్ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"దారిలో... మనుషులెవరూ రాలేదా?"

"మనుషులెవరూ రాలేదన్నా. ఒక దెయ్యం వచ్చె."

పక్కన తింటున్న ఇంకొక కూలిస్త్రీ వళ్ళి కిసుక్కున నవ్వింది. "ఏమక్కా, ఎట్లా ఉండె?"

"సైకిలు మీద వచ్చె. రెండు పక్కలా కడవలు, పక్కన కొమ్ములు. ఒకటే కన్ను — వెలిగి, ఆరిపోయె. ఒంటరిగా మన మాట మాట్లాడుతుండె. ఆ మాట వినేసరికి నాకు ప్రాణం లేచొచ్చె. మనవాడే, దేవుడు పంపినాడు అనుకొంటిని. పిలిస్తిని. వెనక పట్టుకొంటిని. బిడ్డతో కూడా నన్ను ఈడ్చి పడేసి పోయె."

"దెయ్యానికి సైకిలెందుకు అక్కా? ఎవరో మనిషే భయపడి పారిపోయినట్లుంది."

మునివెంకటమ్మ తల అడ్డంగా ఊపింది. ఆ ముఖంలో కోపం లేదు. ఎరిగిన సంగతిని ఎరుగనివారికి ఓపికగా చెప్పేవారి ముఖం అది.

"లేదు వళ్ళీ. మన మాట తెలిసిన మనిషైతే, బిడ్డను ఎత్తుకొని ఏడ్చేదాన్ని చీకట్లో విడిచిపోతాడా? అది దెయ్యమే."

సిద్ధరాజ్ ఆ పూట మరి తినలేదు. సాయంకాలం అందరూ బయలుదేరే వేళ గోడవెనుక నుండి సైకిలు నడిపించుకొని వచ్చి ఆమె ముందు నిలిపినాడు. చెప్పవలసినదంతా మధ్యాహ్నం నుండి కూర్చుకొని ఉన్నాడు. నోటికి వచ్చింది ఒక్కటే.

"ఎక్కమ్మా... పాపను కూర్చోబెట్టు. ఇంటిదాకా నేను..."

పాప బిందెల కొక్కేలను చూసింది. కొమ్ములను చూసింది. తల్లి కొంగులో ముఖం దాచుకొంది. మునివెంకటమ్మ సైకిలు వైపు చూసింది, ఆయన వైపు చూసింది... అమావాస్య రాత్రి ఆ మలుపును ఒంటరిగా నడిచి దాటిన స్త్రీ, ఇంకా ఆరని పగటి వెలుగులో, బ్రతికి ఉన్న ఒక మనిషి ముందు రెండడుగులు వెనుకకు వేసింది.

"వద్దన్నా," అంది మెల్లగా. "మేము నడిచే పోతాము."

ఈ కథ విన్న మీ దారులన్నీ చల్లగా ఉండుగాక. మీ ఇంటి బిడ్డలు చేతులు రెండూ ఎత్తి ఆడుకొందురుగాక. చీకటిలో మిమ్మల్ని ఎవరైనా పిలిచిననాడు, నిలిచేటంత ధైర్యాన్ని ఆ స్వామి మీకు ప్రసాదించుగాక.