ఆమె పిస్టల్లో అతని బ్యారెల్

"రేపు పొద్దున పూలప్రదర్శనలో రాయబారిని కాల్చేస్తారు" అన్నాడు పెద్దాయన, ఫైల్లోంచి తలెత్తకుండానే. "నీ పిస్టల్‌తోనే. ఫోన్ ట్యాపింగ్‌లో ఈ కబురు దొరికింది."

ఏజెంట్ మొద్దు చంక తడుముకున్నాడు. "నాది ఇక్కడే ఉంది సార్."

"అందులో బ్యారెల్ నీదేనా?"

మొద్దు పిస్టల్ విప్పి వాసన చూశాడు. తుపాకీ నూనెలోంచి చేతిక్రీము వాసన. అతనింట్లో ఆ క్రీము రాసుకునేది ఒక్కరే.

డిపార్ట్‌మెంట్ అతనికి దొంగపేరుతో పాటు దొంగభార్యనూ ఇచ్చింది. కోడ్‌నేమ్ నెమలి. ఇద్దరివీ ఒకే మోడల్ పిస్టళ్లు. తోడికోడళ్లు చీరలు మార్చుకున్నట్టు దీని భాగం దాంట్లో ఇట్టే ఇమిడిపోతుంది. తూటా మీద గీతలు పడేది బ్యారెల్‌ గొట్టం వల్ల; ఆ గీతల్ని బట్టే ఎవరి పిస్టలో తేలుస్తారు. కాల్చేది ఆమె, ఉరికంబం ఎక్కేది అతను.

"ఇప్పుడే పట్టుకుంటే దాన్ని ఆడించే విదేశీ ముఠావాడు జారుకుంటాడోయ్" అన్నాడు పెద్దాయన. "అది ట్రిగ్గర్ నొక్కేదాకా ఆగాలి."

"నొక్కితే రాయబారి పోతాడుగా?"

"అది నువ్వు చూసుకో. నీ భార్యేగా!"

మొద్దుకి కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. పంటిడాక్టరు సూది పొడిచిన దవడలా ఉంది లోపలంతా. ఇంటికెళ్లి భోంచేశాడు. తెల్లారి ఆమె స్నానానికి వెళ్లగానే ఆకురాయి తీశాడు.

ప్రదర్శనలో అతను అతికించిన మీసంతో వెయిటర్. చెవిటిమిషన్‌లో రేడియో. రాయబారి రిబ్బన్‌కి కత్తెర పెట్టాడు. కెమెరా పట్టుకున్న ఫొటోగ్రాఫర్ తలూపాడు. గులాబీల వెనక నల్లకళ్లద్దాలతో నెమలి, చేతిలో పిస్టల్.

క్లిక్.

అందరూ కెమెరా అనుకున్నారు. రాయబారి ఇంకాస్త నవ్వాడు కూడా.

మళ్లీ క్లిక్. వెయిటర్ ఆమె మణికట్టు పట్టుకుని, "గొళ్ళెం" అన్నాడు రేడియోలో. ఆ కోడ్‌వర్డ్‌తో నలువైపులా గేట్లు మూతపడ్డాయి. ఆమెని ఆడించే ముఠావాడు ఆ ఫొటోగ్రాఫరే; పరిగెత్తి కుండీలు తన్నుకుని బోర్లాపడి దొరికాడు.

"ఏమండీ, ఏం చేశారు?" నాలుకకి అలవాటు పోలేదు ఆమెకి.

"నువ్వు నా బ్యారెల్ తీసుకున్నావు. నేను తూటాని పొడిచే నీ పిన్ను తీసుకుని, నాది కొన అరగదీసి నీకు పెట్టాను. ఒకటే మోడల్ కదా."

"రెండేళ్లలో ఒక్కరోజైనా నా మీద..." ఆగిపోయింది.

"పద" అన్నాడు.

సాయంత్రం పెద్దాయన ఫోన్. "రేపు కొత్త భార్యని పంపిస్తున్నా. అదే ఎత్తు, అదే మోడల్ పిస్టల్. ఇరుగుపొరుగుకి తేడా తెలీదు."



"క్రీము మాత్రం అదే రాసుకోమనండి సార్. బ్యారెల్ మారితే తెలియాలి కదా."