ఆపరేషన్ ఐసుగడ్డ

"ఆరు గజాల్లో ఎరుపుందా?"

"ఎరుపు అయిపోయింది. గంధం రంగుంది, మేడమీద."

కోడ్ పదాలు సరిపోయాయి. బర్ దుబాయ్‌లోని ఆ చీరల దుకాణంలో కౌంటరు మనిషి తల ఎత్తకుండానే వెనక మెట్లు చూపించాడు. ఏజెంట్ 41 చరణ్‌తేజ్ రెండేసి మెట్లు ఎక్కాడు. వయసు ముప్పైరెండు. ఆరడుగుల మనిషి. నాలుగు భాషలు, మూడు పాస్‌పోర్టులు. అద్దం కనిపిస్తే జుట్టు సవరించుకోకుండా దాటిపోలేడు. ఈ కథ అయ్యేసరికి అదే అద్దంలో తన మొహం తను చూసుకోలేని స్థితికొస్తాడు గానీ, ఆ సంగతి అప్పటికి అతనికి తెలియదు.

మేడమీద చీరల బేళ్ళ మధ్య మడత కుర్చీలో చీఫ్ రామచంద్రరావు కూర్చుని ఉన్నాడు. ఆగస్టు ఎండల్లోనూ టై వదలని మనిషి.

"కూర్చో. టైం లేదు. షార్జాలో సజ్జా ఇండస్ట్రియల్ ఏరియా. అక్కడ నఖీరా గ్రీన్స్ అని ఒక గోడౌను. బయట బోర్డు లెట్యూస్. లోపల?"

"గంజాయి."

"హైడ్రోపోనిక్. మట్టి ఉండదు, వేళ్ళు నీళ్ళలో ఉంటాయి. ఎండకి బదులు నెత్తిమీద లైట్లు. రెండు వేల మొక్కలు. వీటి అంటుమొక్కలు ఐదు దేశాలకి వెళ్తాయి. అందులో మన దేశం ఒకటి, మన హైదరాబాదుకే వస్తాయి. ఏ ఊళ్ళో ఎవరు అందుకుంటారో, ఆ లిస్టంతా వీడి టాబ్లెట్‌లో ఉంది."

చీఫ్ లాప్‌టాప్ ఇటు తిప్పాడు. తెల్ల సూటు, నెరిసిన గడ్డం, చేపకళ్ళు.

"డాక్టర్ ఫెలిక్స్. ఏ దేశం వాడో వాడి పాస్‌పోర్టులకే తెలియదు. అనుమానం వస్తే స్క్రీన్ మీద బొటనవేలు నొక్కుతాడు. ఐదు సెకన్లలో లిస్టు మాయం. ఆలోగా వాడి వేలే మళ్ళీ పడితే ఆగుతుంది. గురువారం మధ్యాహ్నం మూడింటికి పంట చూడటానికి వస్తున్నాడు. పంట బాగుంటేనే వస్తాడు. ఇప్పుడు బాగాలేదు."

"ఏమైంది సార్?"

"హీట్ స్ట్రెస్. ఏసీ కంప్రెసర్ ఒకటి పోయింది. వేడికి మొక్కలు సొమ్మసిల్లుతున్నాయి. వాళ్ళు ఫోన్లో ఒక కన్సల్టెంటుని మాట్లాడుకున్నారు. ఆయన ప్రస్తుతం మన అతిథి. ఆయన మొహం వాళ్ళెవరూ చూడలేదు. ఆయన బదులు నువ్వు వెళ్తావు. పదిరోజుల ట్రెయినింగ్ అయిందిగా?"

"అయింది సార్."

"మొక్కలు గురువారం మూడింటిదాకా బతకాలి. అంతే నీ పని. ఇంకో మాట. అక్కడ లేబరంతా జగిత్యాల, నిజామాబాద్ వైపు వాళ్ళు. తెలుగులో మాట్లాడు. తెలుగు మాట్లాడే సారు దొరికితే ప్రాణం పెడతారు. గేటు సంగతులన్నీ వాళ్ళే చెబుతారు."

చీఫ్ ఒక టెంపరేచర్ గన్ను బల్లమీద పెట్టాడు. ఆకు వైపు చూపిస్తే వేడి చెబుతుంది, లోపలి కెమెరా ఫొటోలు తీస్తుంది. కళ్ళజోడు కాడలో ఇయర్‌పీస్. చరణ్‌తేజ్ కళ్ళజోడు పెట్టుకుని లాప్‌టాప్ స్క్రీన్‌లో చూసుకున్నాడు. బాగానే ఉన్నాననిపించింది.

*

సోమవారం ఉదయం సజ్జాలో అతన్ని గేటు దగ్గర ఆహ్వానించింది తన్మయి. నఖీరా గ్రీన్స్ పబ్లిక్ రిలేషన్స్ మేనేజరు. దంతపు రంగు లినెన్ సూటు, చేతిలో ఎర్ర హ్యాండ్‌బ్యాగు, నడిచి వెళ్ళిపోయాక కూడా నిమిషంసేపు నిలిచే సెంటు. తాతల ఊరు విశాఖపట్నం, తను పుట్టింది దుబాయ్‌లో. ఫెలిక్స్‌కు కుడిభుజమని ఫైల్లో ఉంది.

"ప్లాంట్ డాక్టర్ గారూ, పేషెంట్లని చూస్తారా?" అని నవ్వింది.

హాల్లో అడుగుపెట్టగానే లైట్ల వేడి మొహాన కొట్టింది. పేషెంట్ల పరిస్థితి బాగాలేదు. ఆకుల అంచులు దొన్నె కుట్టినట్టు పైకి ముడుచుకున్నాయి. లైట్ల దగ్గరున్న చిగుళ్ళు పాలిపోయాయి. గన్ను ఆకుమీద ముప్పైనాలుగు చూపించింది. వేళ్ళున్న నీళ్ళు ఇరవైతొమ్మిది. వేళ్ళ కొసలు గోధుమరంగుకు తిరుగుతున్నాయి.

"లైట్లు పైకెత్తండి. ఫ్యాన్లు పెంచండి. అసలు పగలు లైట్లు ఆపేసి రాత్రి వేస్తే సగం రోగం పోతుంది."

"కుదరదు. బాస్ మూడింటికి వస్తే మొక్కలు వెలుగులో కనబడాలి."

"అయితే నీళ్ళు చల్లబరచాలి. వేళ్ళు చల్లగా ఉంటే పైన కాస్త వేడిని మొక్క తట్టుకుంటుంది. చిల్లర్ మెషీను ఉందా?"

"ఆర్డరిచ్చాం. మూడు వారాలు పడుతుంది."

"అయితే ఐసు. ట్యాంకులో గంటకి పది గడ్డలు వెయ్యండి."

ఆ మాట అనడానికి అతనికి రెండు సెకన్లు పట్టింది. మొయ్యడానికి ఎంత పడుతుందో అడగలేదు. బయటి బండి ఏదీ లోపలికి రాకూడదని ఫెలిక్స్ రూలు. ఐసు లారీ గేటు బయటే ఆగుతుంది. అక్కడినుంచి ట్యాంకు గదికి రెండువందల అడుగులు, నీడ లేని సిమెంటు నేల. ఒక్కో గడ్డ పాతిక కిలోలు. మోసేవాళ్ళు నలుగురు.

అందులో పెద్దవాడు భోజన్న. నలభైఆరేళ్ళు, మెట్‌పల్లి దగ్గర ఊరు, పద్నాలుగేళ్ళ గల్ఫు. హాల్లోకి వాళ్ళకు ప్రవేశం లేదు. లోపల ఉన్నది సలాడ్ ఆకని ముదీర్, అంటే గోడౌను మేనేజరు, చెప్పాడు, వాళ్ళు నమ్మారు. గడ్డ ట్యాంకులో దించి, గోనెపట్టా భుజం మార్చుకుంటున్న భోజన్నను చరణ్‌తేజ్ పలకరించాడు.

"ఏ ఊరు మనది?"

భోజన్న మొహం వెలిగిపోయింది. "మనోళ్ళా సారూ! పద్నాలుగేండ్లల తెలుగు సారును ఇప్పుడే చూస్తున్న. అందరు హిందీల తిట్టెటోళ్ళే వచ్చిండ్రు."

చీఫ్ చెప్పినట్టే అయింది. సాయంత్రానికల్లా గేటు దగ్గర కెమెరాలెన్నో, కాపలా ఎప్పుడు మారుతుందో, వెనక తలుపు ఎటు తెరుచుకుంటుందో భోజన్నే చెప్పేశాడు. క్యాంపులో చేసుకున్న చింతకాయ తొక్కుతో రెండు ముద్దలు కూడా పెట్టాడు. చరణ్‌తేజ్ తిని, చేయి కడుక్కుని, అదంతా రిపోర్టులో రాశాడు. తొక్కు సంగతి తప్ప.

మంగళవారం నీళ్ళు ఇరవైనాలుగుకు దిగాయి. బుధవారానికి ఇరవై. ఆకులు విచ్చుకున్నాయి. ముదీర్ చరణ్‌తేజ్ భుజం తట్టాడు. ఎండాకాలం మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటిదాకా ఆరుబయట పని చేయించకూడదని ఆ దేశంలో చట్టముంది. "మాది ఇండోర్ కంపెనీ కదా" అని ముదీర్ కన్ను గీటాడు. చరణ్‌తేజ్ కూడా నవ్వాడు. నవ్వకపోతే అనుమానం వస్తుందని అప్పుడు తనకు తను సర్దిచెప్పుకున్నాడు.

*

గురువారం. రెండు గంటలు. బయట నలభైఎనిమిది డిగ్రీలు. నలుగురిలో ఇద్దరు క్యాంపులో వాంతులతో పడుకున్నారు. మిగిలినవాళ్ళిద్దరే నలుగురి పనీ చేస్తున్నారు.

రెండున్నరకు భోజన్న ట్యాంకు గదిలోకి వచ్చాడు. చరణ్‌తేజ్ చూశాడు. చొక్కా పొడిగా ఉంది. పొద్దుటినుంచి పిండితే కారేటట్టున్న చొక్కా ఇప్పుడు పొడిగా ఉంది. మొహం ఎర్రగా కందిపోయింది, చెమట చుక్క లేదు.

పదిరోజుల ట్రెయినింగ్‌లో మూడోరోజు పాఠం అతనికి గుర్తొచ్చింది. వేడి హద్దు మీరితే ఆకు తన రంధ్రాలు మూసుకుంటుంది, నీరు వదలడం ఆపేస్తుంది, అక్కణ్ణించి లోపల ఉడికిపోతుంది. ఆకు విషయంలో ఆ పాఠానికి అతనికి ఫస్టు మార్కు వచ్చింది.

"భోజన్నా, కాసేపు కూర్చో."

"ఏం గాలే సారూ. జరంత కండ్లు తిరుగుతున్నయ్. ఇంకో ఆరు గడ్డలున్నయ్, అయిపోతే ఖలాస్."

"మిగిలినవి పక్కవాడు తెస్తాడులే."

"వాడు పోరడు సారూ, గాదు వానితోని. బరఫ్ తక్కువైతే ముదీర్ మిమ్మల్ని ఏమన్న అంటడు. మనోడు ఒక సారు వచ్చిండు, మీ ఇజ్జత్ పోవద్దు."

చరణ్‌తేజ్ టెంపరేచర్ గన్ను అతని నుదుటివైపు తిప్పాడు. నలభై దాటింది. ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు వినిపించింది.

"ఫెలిక్స్ కారు బయలుదేరింది. మొక్కలెలా ఉన్నాయి?"

"నార్మల్ సార్."

"ఇంకేమైనా ఉందా?"

భోజన్న మళ్ళీ గేటువైపు నడుస్తున్నాడు. అడుగు తిన్నగా పడటం లేదు. ఆంబులెన్సు పిలిస్తే సైరన్ మోగుతుంది. సైరన్ వింటే ఫెలిక్స్ కారు వెనక్కి తిరుగుతుంది. ఆర్నెల్ల ఆపరేషన్. అరగంట. ఒక్క అరగంట ఆగితే చాలు.

"ఏమీ లేదు సార్," అన్నాడు చరణ్‌తేజ్.

అని హాల్లోకి వెళ్ళాడు. మొక్కల్ని చూశాడు. వరసవరసకీ గన్ను పట్టి అంకెలు రాసుకున్నాడు. తేలు కుట్టిన దొంగలా ఇరవై నిమిషాలు అక్కడే తిరిగాడు. మొక్కలు పచ్చగా, చల్లగా, హాయిగా ఉన్నాయి.

రెండూ యాభైరెండుకి ట్యాంకు గదిలో దబ్బుమని చప్పుడైంది.

భోజన్న నేలమీద పడున్నాడు. పక్కన ఐసుగడ్డ పగిలి ముక్కలైంది. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ ఎవరినీ చూడటం లేదు. "సాయవ్వా, తలుపు తియ్యే... ఎండల నిలవడ్డనే," అని పెళ్ళాంతో మాట్లాడుతున్నాడు. తర్వాత ఆ మాటలూ ఆగిపోయాయి.

అప్పుడు కదిలాడు చరణ్‌తేజ్. భోజన్నను రెండు చేతులా ఎత్తి ట్యాంకులో దింపి, తనూ దూకాడు. మొక్కల కోసం ఇరవై డిగ్రీలకు దించిన నీళ్ళు. గడ్డంకింద చెయ్యి వేసి తల పైకి పట్టుకున్నాడు. ఐసుముక్కలు మెడచుట్టూ అదిమాడు. "భోజన్నా! భోజన్నా!" అని అరిచాడు. ఆ అరుపులో గూఢచారి ఎవరూ లేరు.

తలుపు తెరుచుకుంది. తెల్ల సూటు. డాక్టర్ ఫెలిక్స్ ఐదు నిమిషాలు ముందే వచ్చాడు. వెనక తన్మయి.

ఫెలిక్స్ ట్యాంకు వైపు చూశాడు. బురద బూట్లతో, మాసిన చొక్కాతో ఒక కూలీ. అతని తల నీళ్ళపైన పట్టుకుని కన్సల్టెంటు.

"నిజమైన ప్లాంట్ డాక్టరు తన ట్యాంకులో ఎలకని కూడా పడనివ్వడు. రెండు వేల మొక్కల నీళ్ళలో మనిషిని ముంచుతాడా?" అని ఇంగ్లీషులో మెల్లగా అన్నాడు ఫెలిక్స్. "నువ్వెవరివి?"

బొటనవేలు టాబ్లెట్ మీద నొక్కాడు.

ఐదు.

చరణ్‌తేజ్ దూకి అందుకోవచ్చు. దూరం ఆరడుగులే. కానీ చెయ్యి తీస్తే భోజన్న తల నీళ్ళలోకి పోతుంది. నాలుగు. ఇరవై నిమిషాల కింద వదిలేశాడు. ఇప్పుడు వదల్లేకపోయాడు. మూడు.

ఎర్ర హ్యాండ్‌బ్యాగు గాల్లో లేచి ఫెలిక్స్ మణికట్టు మీద పడింది. అందులో ఏముందో గానీ ఎముక విరిగిన చప్పుడైంది. టాబ్లెట్ జారింది. రెండు. నేల తాకేలోగా తన్మయి అందుకుంది. వాడి బొటనవేలే పట్టి లాగి స్క్రీన్ మీద అదిమింది.

అంకె ఒకటి దగ్గర ఆగిపోయింది.

"లోకల్ పోలీస్," అంది తన్మయి, బ్యాగులోంచి పిస్టల్ తీస్తూ. "రెండేళ్ళుగా వాళ్ళ మనిషిని. కదలకు."

గుమ్మంలో యూనిఫారాలు. వాళ్ళను తోసుకుంటూ స్ట్రెచరుతో ఇద్దరు ఆంబులెన్సు మనుషులు. చరణ్‌తేజ్ తెల్లబోయాడు. తను పిలవలేదు. పిలవనే లేదు.

భోజన్నను తీసుకెళ్ళాక ట్యాంకులోంచి పైకొచ్చి, నీళ్ళోడుతూ నిలబడ్డాడు.

"ఆంబులెన్సు ఎవరు పిలిచారు?"

"నేనే," అంది తన్మయి. "ఆయన తూలడం మీరెప్పుడు చూశారు?"

చరణ్‌తేజ్ అబద్ధమాడటంలో శిక్షణ పొందినవాడు. నాలుగు భాషల్లో ఆడగలడు.

"రెండున్నరకి," అన్నాడు.

"నాకు సీసీ కెమెరాలో రెండూ నలభైకి కనిపించాడు. నలభైఒకటికి ఫోన్ చేశాను."

"సైరన్ వింటే ఫెలిక్స్..."

"సైరన్ వెయ్యకుండా రమ్మన్నానండీ," అంది. "అడిగితే వెయ్యరు."

అంతే. అంత చిన్న మాట. అది తనకెందుకు తోచలేదో చరణ్‌తేజ్ ఆలోచించాడు. తోచక కాదు, అసలు వెతకలేదు. అతనికి తల కొట్టేసినట్టయింది. తన్మయి తిట్టి ఉంటే బాగుండేది. ఆమె తువ్వాలు ఇచ్చి వెళ్ళిపోయింది.

*

మూడురోజులు ఐసీయూ. నాలుగోరోజు వార్డులోకి మార్చారు. ఐదు దేశాల్లో అరెస్టులు అయ్యాయి. రామచంద్రరావు ఫోన్ చేసి అభినందించాడు. రిపోర్టులో రెండున్నర నుంచి రెండూ యాభైరెండుదాకా జరిగింది ఉన్నదున్నట్టు రాసి పంపించాడు చరణ్‌తేజ్. ఆ పేరా తీసేశామని, ఫైలు అలాగైతే శుభ్రంగా ఉంటుందని జవాబొచ్చింది.

భోజన్న సగానికి సగమయ్యాడు. చేతికి గ్లూకోజు సూది. చరణ్‌తేజ్‌ను చూసి లేవబోయాడు.

"పడుకో భోజన్నా. నీకో మాట చెప్పాలి. ఆరోజు నీకు బాగాలేదని నాకు ముందే తెలుసు. ఇరవై నిమిషాల ముందే తెలుసు. చూసి కూడా ఊరుకున్నాను."

భోజన్న అతన్ని చూశాడు. అర్థమైందో, అర్థం చేసుకోదలచుకోలేదో.

"గదేం మాట సారూ. నీళ్ళల్ల ఏసి బతికిచ్చింది మీరేనట గద. నర్సమ్మ చెప్పింది. సాయవ్వకు ఫోన్ల చెప్పిన, మా తెలుగు సారు బతికిచ్చిండే అని. మీ పేరు మీద దీపం పెడ్తనన్నది."

చరణ్‌తేజ్‌కు ఆ మంచం పక్కనే భూమి చీలితే బాగుండుననిపించింది.

"చెట్లు బతికినయా సారూ?"

"లేదు. పోలీసులు అన్నీ పీకేశారు."

"అయ్యో," భోజన్న నిజంగానే నొచ్చుకున్నాడు. "నేను పడవట్టి నీళ్ళు ఖరాబైనయ్ కావచ్చు. మాఫ్ చెయ్యుండ్రి. మీ నౌకరీకేం గాలే గద?"

చరణ్‌తేజ్ నేల చూశాడు.

"లేదు భోజన్నా. ప్రమోషనిచ్చారు."

"మంచిగైంది సారూ! మస్తు మంచిగైంది," అని భోజన్న నవ్వాడు.

ఆ ప్రమోషనుకు మనస్ఫూర్తిగా సంతోషించిన మనిషి ప్రపంచం మొత్తమ్మీద అతనొక్కడే.