ఖాళీ తెర మీద రెండు నొక్కులు

పరీక్ష గంట కొట్టకముందే ప్రశ్నపత్రం ఫోన్లలో తిరిగింది.

మధ్యాహ్నానికి పరీక్ష రద్దయింది. సాయంత్రానికి ఇన్‌స్పెక్టర్ ప్రెస్ మెట్లెక్కాడు.

ప్రశ్నపత్రాలు కంపోజ్ చేసే గది మేడ మీద ఉంది. ఒక కిటికీ. ఒక కంప్యూటర్. ఇంటర్నెట్ లేదు. గది తాళం చెవులు ముగ్గురి దగ్గర ఉన్నాయి. కంపోజర్, ప్రూఫ్‌రీడర్, మేనేజర్.

కంపోజర్ గోడకి ఆనుకుని నిలబడింది. పక్కన మహిళా కానిస్టేబుల్. ఫిర్యాదులో ఉన్నది ఆమె పేరే. ఫిర్యాదు ఇచ్చింది మేనేజర్. ఆయన ఆమెకి స్వయానా బాబాయ్.

"నా అన్న కూతురే సార్. ఈ ఉద్యోగం ఇప్పించిందీ నేనే. అయినా తప్పు తప్పే కదా," అన్నాడు మేనేజర్.

మాట్లాడుతూనే క్రీమ్ బిస్కెట్టుని రెండుగా విడదీశాడు. క్రీమ్ నాకాడు. మిగిలింది నోట్లో వేసుకున్నాడు. వేలు చీకి ప్యాంటుకి తుడుచుకున్నాడు.

ఇన్‌స్పెక్టర్ చూపు తిప్పుకున్నాడు.

సైబర్ సెల్ రిపోర్టు అప్పటికే వచ్చింది. గురువారం లంచ్ టైములో ఆ కంప్యూటర్‌కి ఎవరో పెన్‌డ్రైవ్ పెట్టారు. ఫైలు కాపీ చేశారు.

"ఆ టైములో ఎక్కడున్నారమ్మా?"

"డాబా మీద. భోజనం చేస్తున్నా."

"చూసినవాళ్లు?"

"ఎవరూ లేరు."

"కంప్యూటర్ ఆపే వెళ్లారా?"

"లేదు సార్. గదికి తాళం వేశాను కదా అని ఊరుకున్నా."

మేనేజర్ అందుకున్నాడు. "వేరేవాళ్లు కూర్చున్నా లాభం లేదు సార్. దాని తెర మీద ఒక్క ఐకాన్ ఉండదు. కింద స్టార్ట్ బటన్ ఉండే పట్టీ కూడా దాచేసింది. ఆ ఫైలున్న ఫోల్డర్‌కి దారి ఏదో మెనూలో ఉందంట. ఆ మెనూ ఎలా తెరవాలో మాకెవరికీ తెలీదు. దీనికొక్కదానికే తెలుసు."

"నిజమే సార్," అన్నాడు ప్రూఫ్‌రీడర్. "ఓసారి కూర్చున్నా. సున్నం కొట్టిన గోడని చూసినట్టుంది. లేచొచ్చేశా."

హెడ్ కానిస్టేబుల్ ఇన్‌స్పెక్టర్ చెవి దగ్గరకి వంగాడు. "ఇంకేముంది సార్. తీసుకుపోదామా?"

"ముందు వీళ్లిద్దర్నీ కిందికి తీసుకెళ్లు."

తలుపు మూసుకుంది.

"ఎందుకమ్మా ఈ మెనూ?"

ఆమె కుడిచెయ్యి చూపించింది. చూపుడు వేలు, మధ్య వేలు కర్రల్లా నిలబడి ఉన్నాయి.

"కింద కాగితాలు కోసే మిషన్లో పడ్డాయి సార్. అతికాయి గానీ మడతపడవు. మౌస్‌ని అరచేత్తో తోస్తా. తెర ఈ చివర్నించి ఆ చివరికి తోయాలంటే భుజం దాకా లాగేస్తుంది. ఈ మెనూ ఉందనే ఇంకా పని చేసుకుంటున్నా. ఈ చేత్తో నాకింకెవరు ఉద్యోగం ఇస్తారు?"

"తెరవండి చూద్దాం."

ఆమె ఎడమచేత్తో కీబోర్డు అంచున ఒక మీట నొక్కింది. బాణం ఎక్కడుంటే అక్కడే మెనూ విచ్చుకుంది. పది పన్నెండు వరుసలు. ప్రోగ్రాములు, ఫోల్డర్లు, పదేపదే టైపు చేసే వాక్యాలు. ఎడమచేత్తోనే కిందికి దిగి, కావాల్సిన వరుస దగ్గర ఎంటర్ కొట్టింది.

"చిన్న ప్రోగ్రామ్ సార్. ఈ ముసలి కంప్యూటర్ కూడా మోయగలదు."

చివరి వరుసలో సెట్టింగ్స్ ఉంది. ఇన్‌స్పెక్టర్ అది తెరిపించాడు. మెనూ రావడానికి రెండు దారులు. మీట నొక్కినా వస్తుంది. మౌస్ చక్రం నొక్కినా వస్తుంది. రెండింటికీ టిక్కు ఉంది.

"చక్రం కూడా నొక్కుతారా?"

"ఎలా నొక్కను సార్?" ఆమె వేళ్లు మళ్లీ ముందుకి చాపింది. తర్వాత తెర వైపు చూసింది. "ఈ టిక్కు నేను పెట్టలేదు."

ఇన్‌స్పెక్టర్ మౌస్ మీదికి వంగాడు. చక్రం గాట్లలో లేత పసుపు పదార్థం అట్టకట్టి ఉంది. దానికి రెండు చీమలు అంటుకుని చచ్చాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే వెనిల్లా వాసన వచ్చింది.

జేబురుమాలు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు.

"ఈ మౌస్ ఎవరూ ముట్టుకోవద్దు," అన్నాడు.

మర్నాడు ఉదయం అందర్నీ మేనేజర్ గదిలో కూర్చోబెట్టాడు. టేబుల్ మీద స్టేషన్ లాప్‌టాప్, దానికో మౌస్. తెర మీద ఐకాన్లు లేవు. కింద పట్టీ, మూలన స్టార్ట్ బటన్ మాత్రం ఉన్నాయి.

"మీ స్టేట్‌మెంట్లు డాక్యుమెంట్స్‌లో ఉన్నాయి. తెరిచి చదువుకోండి. ఆ తర్వాత సంతకాలు."

ప్రూఫ్‌రీడర్ ముందు కూర్చున్నాడు. బాణం తిన్నగా మూలనున్న బటన్ దగ్గరికి వెళ్లింది. చదివి లేచాడు.

తర్వాత మేనేజర్. ఎడమచేతిలో బిస్కెట్టు. కుడిచెయ్యి మౌస్ మీద. కళ్లు తెర మధ్యలో.

టక్.

ఏమీ రాలేదు.

టక్.

"ఏం నొక్కుతున్నారు?" అడిగాడు ఇన్‌స్పెక్టర్. అతను తెర చూడటం లేదు. మేనేజర్ మధ్య వేలినే చూస్తున్నాడు. అది చక్రం మీద ఆగిపోయింది.

"ఏదో... చెయ్యి జారింది."

"రెండుసార్లా? ఖాళీ తెర మీద చక్రం నొక్కితే ఏ కంప్యూటర్లోనూ ఏమీ రాదు. ఒక్క మీ అన్న కూతురి దాంట్లో వస్తుంది. అది కూడా ఎవరో టిక్కు పెట్టాకే. ఆమె మీట నొక్కడం మీరు వెనక నించి చూశారు. కానీ మీటకి ఎడమచెయ్యి కావాలి. మీ ఎడమచెయ్యి ఎప్పుడు ఖాళీ? అందుకని చక్రానికి మార్చుకున్నారు. మళ్లీ తీసేయడం మర్చిపోయారు. ఆమె చక్రం నొక్కదు కాబట్టి గమనించలేదు. ఒక్కరోజు పని అయితే వేలికి ఇంత అలవాటు పడదు. ఎన్నాళ్లుగా కూర్చుంటున్నారు ఆ కుర్చీలో?"

మేనేజర్ చేతిలో బిస్కెట్టు చెమటకి మెత్తబడి, విరిగి టేబుల్ మీద పడింది.

హెడ్ కానిస్టేబుల్ సొరుగులన్నీ లాగాడు. మూడో సొరుగులో బిస్కెట్ల డబ్బా. అడుగున బిస్కెట్ పొడి, చీమలు, పెన్‌డ్రైవ్.

"ఛీ," అన్నాడు హెడ్ కానిస్టేబుల్. చెయ్యి దులుపుకున్నాడు. లాప్‌టాప్‌కి పెట్టి చూస్తే ప్రశ్నపత్రం ఫైలు అందులోనే ఉంది.

"ఆమె పేరే ఎందుకిచ్చారు?"

మేనేజర్ గొంతు తగ్గించాడు. ఇంట్లో మాట ఇంట్లోవాళ్లతో చెప్పినట్టు చెప్పాడు. "దాని చెయ్యి ఎలాగూ పోయింది కదా సార్. ఇవాళ కాకపోతే రేపైనా మానేసేదే. అన్నయ్య ఉన్నాడు, చూసుకుంటాడు. నాకా, పిల్లలున్నారు. ఆడపిల్లంటే కేసు కూడా మెత్తగా పోతుంది అనుకున్నా."



ఇన్‌స్పెక్టర్ బయటికొచ్చి చేతులు కడుక్కున్నాడు. మళ్లీ కడుక్కున్నాడు.

కంపోజర్ తన గదిలోకి వెళ్లింది. వెనకే హెడ్ కానిస్టేబుల్ వచ్చి మౌస్ తీగ ఊడదీసి ప్లాస్టిక్ కవర్లో వేశాడు.

మెట్ల మీంచి మేనేజర్ గొంతు వినిపించింది. "అమ్మాయ్, మీ నాన్నకి నువ్వైనా కాస్త చెప్పు. బాబాయ్‌ని కాదా?"

ఆమె అటు తిరగలేదు.

"కేసు అయిపోయాక మౌస్ వాపసు ఇస్తామమ్మా," అన్నాడు హెడ్ కానిస్టేబుల్.

"వద్దు," అందామె. "తడిబట్ట ఒకటి ఉంటే ఇవ్వండి. కుర్చీ తుడుచుకోవాలి."