ఉమ్మడి కెమెరా

బెంజ్ సర్కిల్ పక్కన నవాబ్ గారి కెమెరాల షాపులో ఒక హ్యాండీక్యామ్ పట్టీని ఇటుపక్క మునీర్ పట్టుకున్నాడు, అటుపక్క ఎవరో అమ్మాయి పట్టుకుంది. బయట వాన దంచుతోంది. వానకి షాపులోకి చేరినవాళ్ళందరూ కాలక్షేపం దొరికిందని సంతోషించారు.

"ముందు నేను చూశానండీ," అన్నాడు మునీర్.

"చూడ్డానికి టికెట్ లేదు కాబట్టి అందరూ చూస్తారండీ. బిల్లు వెయ్యమన్నది నేను," అంది ఆ అమ్మాయి.

నిజానికి ఇద్దరిదీ తప్పు కాదు. రెండువేల ఎనిమిదిలో జేబుకి అందే వీడియో కెమెరా ఎంచుకోవడం పెళ్ళిసంబంధం చూడటం కన్నా కష్టం. టేపు వేసేది చవకే గానీ ఆ బొమ్మని కంప్యూటర్‌లోకి ఎక్కించేసరికి తల ప్రాణం తోకకొస్తుంది. డిస్కు వేసేది నాలుగు ముక్కలు మాట్లాడేసరికి నిండిపోతుంది. చిప్పు వేసేది హాయి, దాని ధర వింటే మాత్రం నీరసం. చిప్పు వేసేదీ, విడిగా మైకు పెట్టుకునే కన్నం ఉన్నదీ, ధర అందుబాటులో ఉన్నదీ షాపు మొత్తానికి అదొక్కటే. అద్దాల బీరువాలో షోకి పెట్టిన పీసు కాబట్టి తగ్గించి ఇస్తున్నారు.

మునీర్ ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీలో కెమిస్టు. వాళ్ళ నాన్న కరిముల్లా మాస్టారు లెక్కలు చెప్పి రిటైరయ్యారు గానీ, లెక్కలు ఆయన్ని వదల్లేదు. హాల్లో నల్లబల్ల బిగించుకుని, పాఠాలు యూట్యూబులో పెడతానని కూర్చున్నారు. పట్టీ రెండో చివర పట్టుకున్న సబీహా హనుమాన్ జంక్షన్‌లో కంప్యూటర్ టీచరు. వాళ్ళ అమ్మమ్మ ఆమినాబీ దాల్చా వండితే, ఆ వాసనకి పక్క వీధి వాళ్ళు కూడా ఏదో పనున్నట్టు వచ్చి గుమ్మంలో నిలబడతారు. ఆ చేతివంటని వీడియోలు తీయాలని మనవరాలి పట్టుదల.

ఆమినాబీ అక్కడే స్టూలు మీద కూర్చుని తగవంతా విన్నది. ఆవిడ బతుకంతా గేదెలతో గడిచింది. ఏ ఒక్కరికీ కొనే తాహతు లేనప్పుడు రెండిళ్ళవాళ్ళు కలిసి ఒక గేదెని కొనుక్కోవడం, వంతులవారీగా మేపుకోవడం, ఎవరి వంతులో పాడి వాళ్ళు పిండుకోవడం ఆవిడకి తెలిసిన సంగతే.

"వారం వాళ్ళ దొడ్లో, వారం మన దొడ్లో. గేదెకి లేని నామోషీ కెమెరాకెందుకే?" అంది.

రెండు కెమెరాలు అమ్ముదామనుకున్న నవాబ్ గారి ముఖం వాడిపోయింది. పెద్దావిడ మాట ఇద్దరికీ నచ్చింది. డబ్బు చెరిసగం వేసుకున్నారు. ఆదివారం పొద్దున్నే ఆ షాపులోనే కెమెరా చేతులు మారాలి. బందరు రోడ్డు మీద ఉయ్యూరు బస్సూ, హైవే మీద జంక్షన్ బస్సూ ఆ సర్కిల్ దగ్గరే కలుస్తాయి కదా.

రెండో మార్పిడి నాడే పేచీ వచ్చింది.

"జూమ్ బటన్ పచ్చగా ఉందేంటండీ?"

"పసుపండీ, శుభమే. మీ ఇంటి నుంచి వచ్చినప్పుడు లెన్సు నిండా సుద్దపొడి. మేమేమన్నా అన్నామా?"

మునీర్ జేబురుమాలు తీసి బటన్ తుడవబోయాడు. అలా కాదని ఆమె లాక్కుని తుడిచింది. ఈ తుడుపుల మధ్య నవాబ్ గారు టీ చెప్పించారు. అతను వెళ్ళాల్సిన బస్సు వెళ్ళిపోయింది. అతనేమీ బాధపడలేదు.

చిప్పు ఒక్కటే. ఎవరిది వాళ్ళు కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్నాక తుడిచేయాలని ఒప్పందం. సబీహా తుడవడం మరిచిపోయేది. ఆ విషయం ఆమెకి చెప్పడం మునీర్ మరిచిపోయేవాడు. ఇంటికెళ్ళి తలుపేసుకుని అన్నీ చూసేవాడు. అందులో కనపడేది ఆమినాబీయే. ఆవిడ వంట సగంలో ఆపి, గరిటె లెన్సు ముందుకి చాచి రుచి చూడమనేది. వెనకనుంచి అమ్మమ్మని నానీ అంటూ సబీహా గొంతు వినపడేది.

"నానీ, కెమెరాకి ఆకలెయ్యదు. ఉప్పెంతో చెప్పు."

"ఉప్పెంతో నోరు చెబుతుందా, చెయ్యి చెబుతుంది గానీ."

సబీహాకి నవ్వొచ్చేది. ఆ నవ్వుకి పొయ్యీ, గిన్నే, ఆమినాబీ అందరూ ఊగిపోయేవాళ్ళు. బొమ్మ కదలకుండా తీయడమే మంచి వీడియోకి లక్షణమని మునీర్ ఎక్కడో చదివాడు. అతనికి మాత్రం ఆ ఊగే ముక్కలే కావాలి. దాల్చా వీడియో చూసి చూసి అతనికి దాల్చా చేయడం రాలేదు గానీ, ప్రేమించడం వచ్చేసింది.

సబీహా కూడా ఊరుకోలేదు. కరిముల్లా మాస్టారి భిన్నాల పాఠం యూట్యూబులో మొదటినుంచి చివరిదాకా చూశానని ఒక ఆదివారం చెప్పింది. ఎర్రలైటు వెలగగానే ఆయన గ్రూపు ఫొటోలో లాగా బిగుసుకుపోతారట. పాఠంలో పడ్డాక మాత్రం ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాదట. "అర్థమైందా?" అని ఆయన ఆగినప్పుడల్లా తను "అయిందండీ" అన్నానని ఆమె చెబుతుంటే మునీర్ చేతిలో టీ చల్లారిపోయింది. ఆ రోజే మనసులో మాట చెబుదామనుకున్నాడు. కాదంటే ఆదివారాలు కూడా పోతాయని భయపడి, బ్యాటరీ గురించి మాట్లాడి వచ్చేశాడు.

ఇంతలో మాస్టారి పాఠాలకి గిరాకీ పెరిగింది. ఒక కోచింగ్ సెంటర్ వాళ్ళు రోజుకో పాఠం కావాలన్నారు. వారం విడిచి వారం వచ్చే కెమెరాతో ఎక్కడ కుదురుతుంది? ఉమ్మడిది జంక్షన్ వాళ్ళకే వదిలేసి, మనం వేరేది చూసుకుందామన్నారాయన.

అలాగైతే ఆదివారాలు పోతాయని మునీర్‌కి తెలుసు. నవాబ్ గారు చూపించిన ప్రతి కెమెరాకీ వంకలు పెట్టడం మొదలుపెట్టాడు. ఒకటి బరువన్నాడు. తేలిగ్గా ఉన్నది చూపిస్తే చేతిలో ఆనడం లేదన్నాడు. ఇంకోదాని నలుపు మరీ నలుపుగా ఉందన్నాడు. చివరికి మాస్టారికి విసుగొచ్చింది. ఇన్ని వంకల కన్నా ఉన్నదాన్నే మనం తీసుకుని వాటా తెంపేసుకుందామని, కొడుకుతో చెప్పకుండానే నవాబ్ గారి ద్వారా జంక్షన్‌కి కబురు పెట్టారు.

సబీహాకి ఆ కబురు అందింది. మునీర్‌కి తనంటే మొహం మొత్తిందని ఆమె అనుకుంది.

ఆ ఆదివారం షాపులో ఇటు తండ్రీకొడుకులు, అటు అమ్మమ్మా మనవరాలు కూర్చున్నారు. కెమెరా మధ్యలో ఉంది. సబీహా అతనికి సలాం చెప్పి, రోడ్డు వైపు తిరిగి కూర్చుంది. ట్రాఫిక్ లైటులో అంత చూడాల్సిందేముందో మునీర్‌కి అర్థం కాలేదు.

ఉమ్మడి గేదెని తెంపుకునే పద్ధతి ఆమినాబీ చెప్పింది. ధర ఒకరు కట్టాలి. ఆ ధరకి తమ వాటా ఇచ్చేయడమో, ఎదుటివాళ్ళ వాటా తీసుకోవడమో రెండోవాళ్ళు కోరుకోవాలి. ఎక్కువ కడితే సొమ్ము పోతుంది, తక్కువ కడితే గేదె పోతుంది. కాబట్టి ఎవరూ అన్యాయం చెయ్యలేరు. ఈ లెక్క మాస్టారికి ఎంతో నచ్చింది. తెంపమన్నది తామే కాబట్టి తనవాడే ధర కడతాడన్నారు.

మునీర్ సబీహా వైపు చూశాడు. ఆమె చూడలేదు.

"వాటాకి వంద రూపాయలు," అన్నాడు.

మాస్టారు కళ్ళజోడు తీసి కొడుకుని చూశారు. "ఏరా, కూడికలు కూడా మరిచిపోయావా?"

సబీహా ఇటు తిరిగింది. ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి. "వదిలించుకోవాలని అంత తొందరగా ఉంటే ఊరికే ఇచ్చెయ్యొచ్చు కదండీ. మళ్ళీ వంద దేనికి?"

ఆ కళ్ళు చూశాక మునీర్‌కి భయపడటానికి ఇంకేమీ మిగల్లేదు.

"వదిలించుకోడం కాదండీ. కెమెరా పోయినా ఫర్వాలేదు, మీ మనసు కష్టపెట్టకూడదనుకున్నాను. మీ గొంతు వినకపోతే నాకు వారం గడవదు. మిమ్మల్ని చూడందే ఆదివారం రాదు. ఈ వాటా తెగకూడదనే షాపులో ఉన్న కెమెరాలన్నిటికీ వంకలు పెట్టాను."

"పెట్టాడమ్మా," అన్నారు నవాబ్ గారు బాధగా. "నా సరుకంతా చెత్తని తేల్చేశాడు."

సబీహా చున్నీ కొసతో కళ్ళొత్తుకుంది. నవ్వాలో ఏడవాలో తేలక కాసేపు కెమెరా పట్టీని వేలికి చుట్టుకుంది. తర్వాత నెమ్మదిగా అడిగింది.

"కోరుకునే వంతు నాదే కదా నానీ?"

"నీదే."

"కెమెరానే కోరుకోవాలా?"

ఆమినాబీ మనవరాలిని చూసింది, మునీర్‌ని ఎగాదిగా చూసింది. స్టూలు మాస్టారి వైపు జరుపుకుంది. "మాస్టారూ, ఇది మీరూ నేనూ కూర్చుని తేల్చాల్సిన బేరంలా ఉంది."

మాస్టారు కొడుకు ముఖం చూశారు. ఆ ముఖంలో ఇన్నాళ్ళూ వంకలు పెట్టిన తెలివి ఒక్క పిసరు కూడా లేదు. ఆయనకి జాలేసింది, నవ్వూ వచ్చింది.

"సగమూ సగమూ కలిస్తే ఒకటే అవుతుందమ్మా. అందులో నేను తప్పు పట్టేదేముంది?" అన్నారు.

అయితే ఒకే ఇంట్లో పాఠాలూ వంటలూ రెండూ ఎలా తీస్తారని నవాబ్ గారికి సందేహం వచ్చింది. ఆ వెంటనే బీరువాలోంచి ఒక కెమెరా కూడా వచ్చింది. మునీర్ దాన్ని తిప్పి చూసి, దివ్యంగా ఉందన్నాడు. కిందటి వారం బరువన్నది దాన్నే.

పెద్దవాళ్ళు పెళ్ళి మాటల్లో పడ్డారు. షాపు మెట్ల మీద మునీర్ సబీహా పక్కన నిలబడి, ఇంకా నమ్మకం కుదరక, నిజంగానే కోరుకున్నారా అని అడిగాడు.

"మరేం చెయ్యనండీ," అంది సబీహా. "వంద రూపాయలకి ఇంకెక్కడ దొరుకుతారు?"