ఏడు గంటల పిలుపు

ఉదయం ఆరున్నరకే టైలరమ్మ మిషను ముందు కూర్చుని చొక్కా కాలరు కుడుతోంది. పక్క గదిలో ఆవిడ భర్త, సైన్సు మాస్టారు, కాఫీ చల్లారబెట్టుకుని మూలనున్న బల్లకేసి చూస్తున్నారు.

గొంతుకి ఆపరేషనై మూడు నెలలైంది. ప్రాణం దక్కింది, మాట పోయింది. పలక చేతికిస్తే ‘నీళ్ళు’, ‘వద్దు’ తప్ప మూడో ముక్క రాయరు. బల్ల మీద గుడ్డ కప్పి ఉన్నది ఆయన హామ్ రేడియో సెట్టు, సరదాకి రేడియో నడిపేవాళ్ళు ఊళ్ళు దాటి ఒకరితో ఒకరు మాట్లాడుకునేది. ముప్ఫై ఏళ్ళు రోజూ పొద్దున్న ఏడింటికి అందులో తోటి హామ్‌లతో కబుర్లాడిన మనిషి, ఇప్పుడు దాన్ని ముట్టుకోవడమే లేదు. ఒకప్పుడు దాన్ని సవతి అని తిట్టిన టైలరమ్మకి ఇప్పుడు దానికేసి చూడబుద్ధి కావడం లేదు. కళ్ళెదుట లేకపోతే ఆయన దిగులైనా తగ్గుతుందనుకుంది.

నిన్న ఆయనకి తెలియకుండా సెట్టు అమ్మేయమని కూతుర్ని పురమాయించింది. హామ్‌ల క్లబ్బు వెబ్‌సైటులో పేర్లు లేవు, రేడియోలో ఒక్కొక్కరినీ పిలిచే, అక్షరాలూ అంకెలూ కలిసిన కాల్‌సైన్లే ఉన్నాయి. కూతురు వాటిని ఒక్కొక్కటే హామ్‌ల డైరెక్టరీలో వెతికి, పదిహేడుమంది ఈమెయిళ్ళు పట్టుకుని, అందరికీ ఒకే ఉత్తరం పంపింది. నాన్న కాల్‌సైన్ వేసి, ‘వీరి సెట్టు ఇంటివాళ్ళం అమ్మదలచుకున్నాం’ అని రాసి, ఇంటి ఫోను నంబరిచ్చింది.

ఫోను మోగింది. ధర అడుగుతారేమోనని టైలరమ్మ స్పీకరు నొక్కింది.

అటువైపు ఎవరో పెద్దావిడ వెక్కుతోంది. “అమ్మా, ఎప్పుడు పోయారు?”

“ఎవరండీ?”

“మాస్టారు.”

“అయ్యో, అవేం మాటలండీ! పక్క గదిలో కాఫీ తాగుతున్నారు!”

“మరి ఆ ఉత్తరం? మా హామ్‌ల్లో ఎవరి సెట్టైనా ఇంటివాళ్ళు అమ్మకానికి పెట్టారంటే ఇక ఆ మనిషి లేడనే లెక్కమ్మా. ఏడింటికి అందరం రేడియోలో ఆయన్ని పిలిచి, ఒక నిమిషం మౌనం పాటిద్దామనుకున్నాం. నాకే మనసాగక ముందు మీకు చేశాను. అయ్యో, అప్పుడే ఏడవుతోంది. అందరూ వచ్చేసుంటారు!”

టైలరమ్మ తల తిప్పేసరికి గుమ్మంలో మాస్టారు. పలక మీద పెద్ద పెద్ద అక్షరాలు: ‘నన్నడక్కుండానా?’

మూడు నెలలుగా దిగమింగుకున్నదంతా ఆవిడకి ఒక్కసారిగా ఎగదన్నుకొచ్చింది.

“అడిగితే చెబుతారా? ఇంట్లో మనిషినున్నానని గుర్తుందా మీకు? గోడతో కాపురం చేస్తున్నట్టుంది నాకు!”

“అమ్మా, ఊరుకో. తప్పు నాది” అంటూ కూతురు అడ్డొచ్చింది.

మాస్టారు గడియారంకేసి చూశారు. బల్ల దగ్గరికెళ్ళి గుడ్డ లాగేసి, సెట్టు ఆన్ చేశారు. తల్లీకూతుళ్ళు వెనకే వెళ్ళారు. గరగర మధ్య ఒక మగ గొంతు తేలింది.

“నా చూపు పోయిన కొత్తలో రోజూ గంటసేపు నాతో మాట్లాడారు. చచ్చిపోదామనుకున్నవాణ్ణి. ఆయన ముఖం నేనెన్నడూ ఎరగను.”

ఇంకో గొంతు, ఓడలో పనిచేసే మనిషిదట: “తుఫాను రోజున నేను బతికే ఉన్నానని మా అమ్మకి కబురందించింది ఆయనే.”

టైలరమ్మ సెట్టుకి చెవి ఒగ్గింది. తను పక్క గదిలో మిషను తొక్కుతూ, పనీపాటా లేని కబుర్లని విసుక్కున్న ఆ గంటల్లో ఈయన ఇన్ని చేశారా!

ఆయన కాల్‌సైన్‌ని మూడుసార్లు పిలిచారు. తర్వాత, అనుకున్న నిమిషం మౌనం మొదలైంది.

మాస్టారు సొరుగులోంచి ఇత్తడి మీట తీసి సెట్టుకి తగిలించారు. టిక్కుల్లో అక్షరాలు పంపే పాత మోర్సు మీట. వేలితో తన కాల్‌సైన్‌ని టిక్కు టిక్కుమనిపించారు. క్షణం ఆగి రేడియో గొల్లుమంది. ఏడుపో, నవ్వో, కేకలో తెలియలేదు.

“అది ఆయన చెయ్యే! మీట నొక్కే తీరు నాకు తెలీదా!” అని అరిచాడు చూపులేనాయన.

మీట మళ్ళీ కదిలింది, చాలాసేపు. ఈసారి ఫోను పెట్టేసి సెట్టు దగ్గరికి చేరిన పెద్దావిడ గొంతు రేడియోలో పలికింది.

“టైలరమ్మగారూ, మాస్టారు మీకు చెప్పమంటున్నారు. సెట్టు అమ్మకానికి లేదట. గొంతు లేనివాడితో మీకు విసుగొస్తుందని భయపడ్డారట. పలక మీద రాయబోతే ఏడుపొచ్చేదట.”

అదే గదిలో నాలుగడుగుల దూరంలో ఉన్న మొగుడి మనసులో మాట ఎక్కడెక్కడో తిరిగి తనని చేరింది. టైలరమ్మ కళ్ళు తుడుచుకోవడం కూడా మరచి, కుర్చీ లాక్కుని ఆయన పక్కన కూర్చుంది.

“పిచ్చి మనిషి! విసుగట, విసుగు!” అని ఆయన చెయ్యి పట్టుకుని, కూతురికేసి తిరిగింది. “ఏమే, నిన్నటి జాబితా ఉందిగా. ఆడవాళ్ళకి ఈ టిక్కుటిక్కు నేర్పేవాళ్ళెవరైనా ఉన్నారేమో చూడు. ఇంకోళ్ళ చేత చెప్పించుకునే ఖర్మ నాకేం?”

మాస్టారు ఆవిడ అరచెయ్యి తిప్పి, దాని మీద వేలితో మెల్లగా తట్టారు. మొదటి పాఠం.