మాయమైన వారసత్వ పన్ను

లొరెట్టా పెల్కీ మంచు బూట్లు కూడా విప్పకుండా వచ్చి కుర్చీలో కూలబడింది.

"రేపు సెనేట్ విచారణలో నన్ను ఉద్యోగంలోంచి పీకేస్తారు మేడమ్. తప్పు నాది కాదు!"

డిటెక్టివ్ ఇర్మా పెర్లీ కాఫీ కప్పు ఆమె ముందుకు జరిపింది. పక్కనే నోట్‌బుక్ పట్టుకుని కూర్చున్న అసిస్టెంట్ డెల్బర్ట్ ఒకప్పుడు స్కూలు బస్సు నడిపినవాడు. మేడమ్ ప్రశ్న వేస్తే నిజం దానంతటదే నడిచొస్తుందని అతని నమ్మకం.

"మొదట్నుంచీ చెప్పమ్మా."

లొరెట్టా పైన్‌బరోలో రాష్ట్ర బడ్జెట్ ఆఫీసులో రాబడి అంచనాలు వేస్తుంది. పెద్ద ఆస్తిపరులు చనిపోతే వాషింగ్టన్‌లోని కేంద్ర ప్రభుత్వానికి వెళ్లే వారసత్వ పన్నులోంచి రాష్ట్రానికి ఒక వాటా వచ్చేది. 2001లో వాషింగ్టన్ చట్టం మార్చింది. 2002 జనవరి నుంచి చనిపోయేవాళ్ల ఆస్తుల మీద ఆ వాటా ఏటా పావు వంతు చొప్పున తగ్గి, 2005కి సున్నా అవుతుంది.

"మన చట్టాన్ని వాళ్ల చట్టానికి కట్టేశారు మేడమ్. వాళ్లది పోతే మనదీ పోయినట్టే. పోయినేడు, 2002 జనవరిలోనే ఇదంతా మా డైరెక్టర్ లంట్ గారికి ఉత్తరం రాసిచ్చా. అందలేదంటున్నారు. ఇప్పుడు కోటీ ఇరవై లక్షల డాలర్ల లోటు. చెవిటి పిల్లల స్కూలు మూసేస్తారట, అదీ నా నెత్తినే!"

"నకలుందా?"

"కంప్యూటర్లోంచి ఎవరో తీసేశారు."

"ఈ పన్ను ఎప్పుడు కడతారు?"

"మనిషి పోయిన తొమ్మిది నెలలకి. ఆఖరి వారం దాకా చూస్తారు. ముందే కట్టే పిచ్చోడెవడు?"

మర్నాడు పొద్దున రాష్ట్ర సెనేట్ బడ్జెట్ కమిటీ విచారణ గది నిండిపోయింది. కమిటీ అధ్యక్షురాలు సెనేటర్ గ్రేస్ ఉలెట్ పెద్ద కుర్చీలో ఉంది. చెస్టర్ లంట్ నిబ్బరంగా టై సర్దుకున్నాడు.

"ఈ తగ్గుదల మీకెప్పుడు తెలిసింది సార్?" సెనేటర్ అనుమతితో లొరెట్టా తరఫున ఇర్మా అడిగింది.

"పోయినేడు ఏప్రిల్లో. వసూళ్లు పడిపోవడం నా కళ్లతో చూశా. లొరెట్టాని అడిగితే ఏం పర్లేదంది."

"ఏప్రిల్లోనేనా? బాగా గుర్తుందా?"

"నేనేం ముసలాణ్ణి కాదమ్మా!"

డెల్బర్ట్ పెన్సిలు ఆగిపోయింది. మేడమ్ గొంతు మెత్తబడిందంటే ఎదుటివాడి పని అయిపోయినట్టే.

ఇర్మా లేచి అందరివైపూ తిరిగింది. "ఏప్రిల్లో పన్ను కట్టింది అంతకుముందు ఏడాది జూలైలో పోయినవాళ్ల వారసులు. వాళ్లకి పాత చట్టమే. పైసా తగ్గలేదు. జనవరిలో పోయినవాళ్ల పన్ను అక్టోబరుకి గానీ రాదు. మరి ఏప్రిల్లో లంట్ గారు చూసింది వసూళ్లు కాదు. ఏం చూశారు? లొరెట్టా ఉత్తరం. దాన్ని మాయం చేసి, పాత అంకెనే బడ్జెట్లో పెట్టారు."



"ఎందుకు చేశావు చెస్టర్?" సెనేటర్ అడిగింది.

లంట్ టై వదులు చేసుకున్నాడు. "పోయిన నవంబర్లో ఎన్నికలు కదమ్మా. కోతలుండవని గవర్నర్ గారు ఊరూరా మాటిచ్చేశారు. ఆ ఒక్క అంకె మారిస్తే అంతా కూలేది."

"ఇప్పుడు స్కూలు కూలుతోంది." సెనేటర్ లొరెట్టా వైపు తిరిగింది. "దారేమన్నా ఉందా అమ్మాయ్?"

లొరెట్టా లేచి నిలబడింది. "పోయింది రాదండీ. కానీ వాషింగ్టన్ తీసేసింది వాళ్లిచ్చే వాటానే. మన పన్ను మనం వేసుకోవద్దని ఎవరన్నారు? పాత లెక్క ప్రకారమే వసూలు చేస్తామని చట్టం చేస్తే స్కూలు నిలబడుతుంది."

"రాయడానికి ఎంతసేపు?"

"మధ్యాహ్నం భోజనాల వేళకి ఇచ్చేస్తా."

"లే చెస్టర్," అంది సెనేటర్. "ఆ అమ్మాయికి బల్ల కావాలి."