గోడ మీద లేని ప్లేటు

హాజరు మిషన్ మాయమైందని తొమ్మిదిన్నరకి పోలీస్ స్టేషన్‌కి ఫోన్ వచ్చింది. పది గంటల ఐదు నిమిషాలకి ఇన్‌స్పెక్టర్ కానిస్టేబుల్‌తో కలిసి ఆ మెట్లెక్కింది.

రెండో అంతస్తు. తలుపు మీద పెద్ద బోర్డు: ‘మళ్ళీ పనిలోకి’. ఏళ్ళ తరబడి ఉద్యోగం లేనివాళ్ళకి పని నేర్పి పంపే ప్రభుత్వ కేంద్రం. నేర్పే సంగతి ఎలా ఉన్నా, బోర్డు మాత్రం తళతళలాడుతోంది.

తలుపు పక్కన గోడ ఖాళీ. నాలుగు కన్నాలు. చుట్టూ సున్నం పెచ్చులూడి ఉంది.

“దొంగ దొరికాడు మేడం. మీరు తీసుకెళ్ళడమే తరువాయి,” అన్నాడు డైరెక్టర్.

దొంగ బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. యాభై మూడేళ్ళుంటాయి. ఇరవై రెండేళ్ళు మిల్లులో ఫిట్టరుగా చేశాడు. మిల్లు మూతపడి నాలుగేళ్ళయింది.

“ఇతనేనని ఎలా చెప్తున్నారు?”

“ఎనిమిదిన్నరకే వచ్చి గదిలో ఒక్కడే ఉన్నాడు. క్లాసులు ఎగ్గొట్టే రకం. వేలిముద్రల లెక్క చూస్తే బండారం బయటపడుతుందని పీకేశాడు. కూర్చుని తినమరిగిన మనుషులు మేడం వీళ్ళు!”

ఇన్‌స్పెక్టర్ ఫిట్టరు వైపు తిరిగింది. “అంత పొద్దున్నే ఎందుకొచ్చారు?”

“లెటర్ కోసమండీ. కూల్‌డ్రింకుల ఫ్యాక్టరీలో పని దొరికింది. కోర్సు పూర్తయిందని ఈయన రాసిచ్చిన లెటర్ ఒంటిగంటలోపు గేటు దగ్గర చూపించాలి. లేకపోతే లిస్టులో తర్వాతివాణ్ణి పిలుస్తారు.”

“దొంగకి లెటరా?” డైరెక్టర్ నవ్వాడు.

“మీరొచ్చేసరికి మిషన్ ఉందా?”

“లేదండీ. రిపేరుకి తీశారనుకున్నా.”

“పొద్దున తలుపు తీసిందెవరు?”

“నేనే,” అన్నాడు ట్రైనర్. టై కట్టుకున్నాడు. ట్రైనీలు అతనికి పెట్టుకున్న పేరు ‘స్లైడ్ల మాస్టారు’. “ఎనిమిదికి తీసి టిఫినుకి వెళ్ళాను. ఇది ఇతని పనే మేడం. మొదటిసారి పరీక్షలో తప్పాడు. స్క్రూడ్రైవర్ పట్టుకోవడం కూడా రాదు. ఆ గోడ చూడండి! చేతకానివాడి పని చూస్తేనే తెలుస్తుంది.”

“తెలుస్తుంది,” అంది ఇన్‌స్పెక్టర్.

ఫిట్టరు తలెత్తాడు. “స్లైడులో స్పానర్ తలకిందులుగా ఉంది సార్ అన్నానండీ. ఆ రోజే పరీక్ష తప్పించాడు.”

కానిస్టేబుల్ కిసుక్కున నవ్వి, మీసం సర్దుకున్నాడు.

“ఈ మిషన్ గోడకి బిగించిందెవరు?”

డైరెక్టర్ కిటికీలోంచి బయటికి చూశాడు. ట్రైనర్ టై సవరించుకున్నాడు. కంప్యూటర్ ముందున్న అమ్మాయే నోరు తెరిచింది.

“ఈ అంకులే మేడం. మెకానిక్‌ని పిలవడం ఎందుకని, ప్రాక్టికల్ క్లాసు పేరు చెప్పి చేయించారు. వెనక తలుపు దగ్గరది కూడా.”

“ఆ క్లాసుకి ట్రైనర్ గారు వచ్చారా?”

“ఫోటోకి వచ్చారు.”

పదకొండుంబావు. మధ్యాహ్నం మూడింటికి హెడ్డాఫీసు నుంచి తనిఖీ ఉందని ఆ అమ్మాయే చెప్పింది. ఇన్‌స్పెక్టర్ అందరినీ వెనక తలుపు దగ్గరికి నడిపించింది. అక్కడా అలాంటి మిషనే ఉంది. కాకపోతే పాడైంది.

“తీయండి,” అని జీపులోంచి తెప్పించిన స్క్రూడ్రైవర్ ఫిట్టరుకి ఇచ్చింది.

అతను మిషన్ అడుగున వేలు పెట్టి తడిమాడు. ఒక్కటే స్క్రూ. విప్పాడు. మిషన్‌ని పైకి నెట్టాడు. ఊడి చేతిలోకి వచ్చింది. ఎనిమిది సెకన్లు.

మిషన్‌ని తగిలించే ఇనుప ప్లేటు మాత్రం నాలుగు స్క్రూలతో గోడ మీదే ఉండిపోయింది.

“ముందు గదిలో ప్లేటు ఏది?” అడిగింది ఇన్‌స్పెక్టర్. “పొద్దుట్నుంచి అందరూ పోయిన మిషన్ గురించే మాట్లాడుతున్నారు. ప్లేటు ఏమైందని ఒక్కరూ అడగలేదు. బిగించినవాడైతే ఒక్క స్క్రూ తీసి పట్టుకుపోతాడు. గోడతో కుస్తీ పట్టాల్సిన ఖర్మేంటి? ఇది పనిముట్టుని స్లైడులో తప్ప చూడనివాడి పని. ట్రైనర్ గారూ, మీ పనిముట్ల పెట్టె చూపించండి.”

“అది... సీలు వేసి ఉంది మేడం. తనిఖీలకి చూపించేది.”

“ట్రైనీలకి?”

కానిస్టేబుల్ పెట్టె ఉన్న అద్దాల బీరువా వైపు నడిచాడు.

దాని తాళంచెవి ట్రైనర్ జేబులోనే ఉంది. పెట్టె సీలు తెగి ఉంది. లోపల స్క్రూడ్రైవర్ మొన వంకర పోయింది. దాని మీద సున్నం. పనికోసం తెరవని పెట్టెని దొంగతనం కోసం తెరిచాడు.

“నా స్కూటర్ డిక్కీలో ఉంది మేడం,” ట్రైనర్ కూలబడ్డాడు. “ప్లేటుతో సహా. డైరెక్టర్ గారే తీయమన్నారు. వచ్చేది పదిహేడుమంది. రిజిస్టర్లో అరవైమంది. మిషన్ ఉంటే తనిఖీలో దొరికిపోతామన్నారు.”

“నేనలా అన్లేదు! ఏదో ఒకటి చూడమన్నానంతే!” డైరెక్టర్ అరిచాడు.

“చూశాడుగా,” అంది ఇన్‌స్పెక్టర్. “ముందు ఆ లెటర్ రాయండి. నీడపట్టున కూర్చుని తినమరిగిన చెయ్యి, కాస్త కష్టపడనివ్వండి.”

లెటర్ చేతికొచ్చేసరికి పన్నెండుంబావు. నిందితులిద్దరినీ కానిస్టేబుల్ ఆటో ఎక్కించాడు. ఫిట్టరు జీపెక్కాడు.

దారిలో ఫోన్. హెడ్డాఫీసు పెద్దమనిషి.

“మేడం, కేసు రాస్తే పథకానికి చెడ్డపేరు. అరవైమందికి దారి చూపించే కేంద్రమది.”

“పదిహేడు,” అని పెట్టేసింది.

పన్నెండు నలభై ఎనిమిది. ఫ్యాక్టరీ మలుపులో జీపు ఆపించింది.

“ఇక్కణ్ణుంచి నడిచి వెళ్ళండి. పోలీసు జీపులోంచి దిగారంటే గేటు దగ్గరే వెనక్కి పంపేస్తారు.”

ఫిట్టరు దండం పెట్టబోయాడు.

“టైమవుతోంది,” అంది.

అతను దాదాపు పరిగెత్తాడు. గేటు దగ్గర ఫోర్‌మన్ లెటర్ తీసుకున్నాడు. మడత కూడా విప్పలేదు. చొక్కా జేబులో కుక్కుకున్నాడు.

“ఫిట్టరువేనా? లోపల సీసాల కన్వేయర్ బెల్టు ఆగి రెండు గంటలైంది. బేరింగు మార్చగలవా?”

“మారుస్తానండీ.”

“అయితే మాటలెందుకు, రా!”